చక్రములపై నిల్లు, చేతిలో కుంచె

(బరంపురమున జరిగిన మన సంఘ సమావేశములో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి బట్టల కొట్టు గద్దె నెక్కినవాడను. చిత్రకళనుగూర్చి మాటలాడుటకు నాకుగల అర్హత ఏమియు లేదు. అయినను మన కార్యదర్శిగారు "అమెరికాలో మీరు చూచినది చెప్పుడు" అని పట్టుపట్టిరి. అక్కడ నేను చూచిన మేడలు, వంతెనలు మీరందరును బొమ్మలలో చూచియే యుందురు. నేను చూచినవానిలో మన యిండ్లకు పనికివచ్చునది ఒక్కటి కలదు. అక్కడి వృద్ధులు కొందరు ఋతువు ననుసరించి మోటారు ఇంటిలో ఊరూర తిరుగుచు, ఆరుబయట కూర్చుండి కొండలను, చెట్లను, ఆకాశమును చిత్రించుచుందురు. దానినిగూర్చియే నేటి నా ప్రసంగము.

ముందుగా నా తప్పొకటి చెప్పుకొందును. మా నాన్నగారు 50 ఏండ్లకు పైగా కొట్టులో కూర్చుండిరి. వారి 72వ యేట పెత్తనము నాకు వచ్చినది. ఆ తరువాతకూడ వారు ప్రతి ఉదయము స్నానము, పూజ ముగించుకొని వచ్చి గద్దెపై కూర్చుండెడివారు. చేయుటకు పని లేదు. పనికుఱ్ఱవాండ్రను కోపించెడివారు, కంప్యూటరు బిల్లును చూచి నిట్టూర్చెడివారు. 2022 వేసవిలో ఒకనాడు కొనుగోలుదారుల యెదుటనే మాటామాటా పెరిగినది. "నాన్నగారూ, ఇకమీదట మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అంటిని. మాట మెత్తనిదే, దాని అర్థము మాత్రము మెత్తనిది కాదు. మరునాటినుండి వారు కొట్టుకు రాలేదు. ఇంటిలో గోడవైపు మొగము త్రిప్పి పండుకొనుట నేర్చుకొనిరి. వైద్యుడు నాడి చూచి రోగము లేదనెను. రోగము లేదని నాకును తెలియును. పని లేదు, అంతే.

ఆ స్థితిలో 2023 జనవరిలో నేను అమెరికా పోయితిని. మా చిన్నాన్నగారు అక్కడ చికాగో నగర సమీపమున ఇంజనీరుగా ముప్పది యేండ్లకు పైగా పనిచేసి, ఆ దేశ పౌరుడై, 66వ యేట ఉద్యోగము విరమించిరి. వారిని చూడబోయినవాడను వారి యింటికి పోలేదు. వారు ఇంటిలో లేరు! ఆరిజోనా రాష్ట్రమున ఎడారి నడుమ, 24 అడుగుల బండిలో నుండిరి.

ఆ బండిని అక్కడ ఆర్.వి. అందురు. మనము మోటారు ఇల్లు అందము. కొన్నిటికి ఇంజను తమలోనే యుండును. కొన్నిటిని వేఱొక బండి వెనుక తగిలించి లాగుకొనిపోవలెను. చిన్నాన్నగారిది మొదటి రకము, మరొకరు వాడి విడిచినది. లోపల రెండు పడకలు, చిన్న వంట పొయ్యి, చల్లని పెట్టె, స్నానపు గది కలవు. అడుగున మూడు తొట్లుండును: ఒకటి మంచినీటికి, ఒకటి గిన్నెలు కడిగిన నీటికి, ఒకటి మరుగుదొడ్డికి. వంటకు ప్రొపేను గ్యాసు, దీపములకు బ్యాటరీ, దానిని నింపుటకు కప్పుపై సూర్యఫలకములు. మురికితొట్లను ఎక్కడబడిన అక్కడ ఒలకబోయరాదు. అందుకై ఏర్పరచిన తావులకే పోయి ఖాళీ చేయవలెను. "ఒరే, ముప్పై యేళ్ళు పెద్ద పెద్ద యంత్రాలు చూశాను గాని, బకెట్టు నీళ్ళ విలువ ఈ బండిలోనే తెలిసింది" అని చిన్నాన్నగారు నవ్విరి.

ఉత్తరపు చలిని తప్పించుకొనుటకై శీతకాలమున దక్షిణమునకు వలసపోవు వృద్ధులను ఆ దేశమున "మంచు పక్షులు" అని వాడుక. మన చిలుకకు ప్రతి శీతకాలము ఉత్తర దేశములనుండి పక్షులు వచ్చుట మీరెఱుగుదురు కదా. ఆ పోలిక మనకు వెంటనే తెలియును. ఆరిజోనా పశ్చిమ సరిహద్దు చెంత క్వార్ట్‌సైట్ అను చిన్న ఊరు కలదు. ఏడాది పొడవున అక్కడ నుండువారు కొలది వేలమందియే. శీతకాలము వచ్చినచో ఆ యెడారియంతయు మోటారు ఇండ్లతో నిండిపోవును. ప్రభుత్వ భూముల శాఖవారు అక్కడ సెప్టెంబరు 15 మొదలు ఏప్రిలు 15 వరకు దీర్ఘకాలము నిలువనిచ్చు స్థలములను ఏర్పరచిరి. నేను పోయిననాటికి ఆ ఏడు నెలలకు అనుమతి రుసుము 180 డాలర్లు. ఇతర ప్రభుత్వ భూములలో సాధారణముగా 14 దినములకు మించి ఒకేచోట నిలువరాదు. 62 ఏండ్లు నిండిన పౌరులకును, అక్కడ స్థిరవాసపు అనుమతి గలవారికిని, జాతీయ వనములలో ప్రవేశమునకు జీవితకాలపు చీటి యొకటి ఇత్తురు. దాని వెల 2017 వరకు 10 డాలర్లుగా నుండి ఆ యేట 80 డాలర్లైనది. మనవలె చూడబోయినవారికి అది లభింపదు.

ఇంతవరకు చెప్పినది ప్రయాణము. ఇక చిత్రలేఖనము.

చిన్నాన్నగారు మొదటి సంవత్సరము కుంచె ముట్టలేదు. బండి కొన్న ఉత్సాహమున రోజుకొక ఊరు చొప్పున తిరిగిరట. రాత్రి పటముపై గీత గీసి, ఇన్ని మైళ్ళు పోయితిమని లెక్క వ్రాసికొనిరట. ఏడాది చివర లెక్క పెద్దదైనది గాని, ఏ కొండ ఏ ఊరిదో జ్ఞాపకము లేదు. మా పిన్ని "ఇది యాత్ర కాదు, లారీ తోలుట" అని, మనుమల దగ్గఱకు పోదమని పట్టుపట్టినదట. ఆ దినములలోనే ప్రక్కబండిలోని ఒక వృద్ధురాలు తన రంగుల పెట్టె తెరచి, ఒక చిన్న పలకయిచ్చి, "ఆ కొండ నీడను మాత్రము వేయుడు" అన్నదట. అది వేయుటకు రెండు గంటలు పట్టినది. "ఆ కొండ యిప్పటికీ నాకు గుర్తుందిరా, తొమ్మిది వేల మైళ్ళలో అదొక్కటే నేను నిజంగా చూసిన కొండ" అని వారు నాతో ననిరి.

ఇది విని నేను ఆలోచించితిని. ప్రయాణము ఒక్కటే యైనచో కొంతకాలమునకు విసుగు పుట్టును. చిత్రలేఖనము ఒక్కటే యైనచో కిటికీలోనుండి కనబడు అదే గోడ, అదే చెట్టు మిగులును. రెండును కలిసినపుడు ఒకదాని కొరత నొకటి తీర్చును. కుంచె మనిషిని ఒకచోట కూర్చుండబెట్టును. బండి కుంచెకు క్రొత్త చోటు చూపును. ఋతువు ఎప్పుడు ఎటు పోవలెనో చెప్పును. జనవరిలో ఎడారి, మార్చిలో వానలు అనుకూలించిన యేడు ఎడారి పూలు, వేసవిలో ఉత్తరపు ఎత్తైన కొండలు. ఉద్యోగము విరమించినవానికి లేనిది ఇట్టి పంచాంగమే.

ఆరుబయట చిత్రించుట నిన్న మొన్నటి వేడుక కాదు. పూర్వము రంగులను పంది మూత్రాశయపు తిత్తులలో కట్టి యుంచెడివారు. అవి పగిలి ఒలికెడివి. 1841లో జాన్ గాఫ్ రాండ్ అను అమెరికను చిత్రకారుడు తగరపు గొట్టములో రంగు నింపు పద్ధతికి హక్కు పొందెను. నేడు మనము పండ్లు తోముకొను మందు గొట్టము వంటిదే. ఆ చిన్న గొట్టముతో చిత్రకారుడు గది విడిచి పొలములోనికి రాగలిగెను. ఫ్రాన్సులో దోబిన్యీ అను చిత్రకారుడు 1857లో ఒక పడవనే చిత్రశాలగా మార్చుకొని నదులపై తిరుగుచు చిత్రించెను. మోనే అనునతడు తరువాత అదే మార్గము పట్టెను. అమెరికాలో జార్జియా ఓకీఫ్ అను ఆమె 1929లో న్యూమెక్సికో పోయి, అక్కడ ఫోర్డు కారు కొని, నడుపుట నేర్చుకొనెను. ముందు సీటును వెనుకకు త్రిప్పి, వెనుక సీటుపై కాన్వాసు నానించి, ఎండకును గాలికిని దూరముగ కారులోనే కూర్చుండి చిత్రించెను. ఆమె 98 ఏండ్లు జీవించి 1986లో మరణించెను. కావున చక్రములపై చిత్రశాల అనునది చిన్నాన్నగారు కనిపెట్టినది కాదు.

ఒక చిత్రము దేశ చట్టమునకు తోడ్పడిన కథ కూడ అక్కడనే వింటిని. 1871లో థామస్ మోరన్ అను చిత్రకారుడు ప్రభుత్వ సర్వే బృందముతో యెల్లోస్టోన్ ప్రాంతమునకు పోయి నీటిరంగులతో చిత్రములు వేసెను. వానిని, జాక్సన్ అనునతడు తీసిన ఛాయాచిత్రములను చూచినవారికి ఆ భూమిని కాపాడవలెనను కోరిక కలిగెను. 1872 మార్చి 1న అది జాతీయ వనమైనది. కుంచె పట్టినవాడు కాలక్షేపము చేయుచున్నాడని తలచువారు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక చిన్నాన్నగారి దినచర్య చెప్పెదను. తెల్లవారకముందే లేచి కాఫీ త్రాగి, మడత కుర్చీ, మూడుకాళ్ళ నిలుపు, గొడుగు, చెక్కపెట్టె తీసికొని పోవుదురు. పెట్టె తెరచినచో మూత పలక నానించుటకును, అడుగు రంగులు కలుపుటకును పనికివచ్చును. పలక 8 అంగుళములు 10 అంగుళములే. తెలుపు, నీలము, పసుపు, ఎఱుపు, ఈ నాలుగు గొట్టములతోనే తక్కినవన్నియు కలుపుకొందురు. కండ్లు సగము మూసి చూచినచో చిన్న వివరములు మాయమై, వెలుగు ముద్దలు, నీడ ముద్దలు మాత్రమే కనబడును. ముందుగా నీడలను గుర్తించి వేయవలెను. వెలుగు రెండు గంటలలో మాఱిపోవును గనుక. నీడ జరిగినదని పలకపై నీడను జరుపుచు పోయినచో చిత్రము ఎన్నటికి ముగియదు. "మొదట చూసినదానికే కట్టుబడి ఉండాలి, బేరం మధ్యలో ధర మారిస్తే ఎట్లా?" అని నాకు తెలిసిన భాషలోనే చెప్పిరి.

అక్కడ సగ్వారో అను పెద్ద జెముడు చెట్టు కలదు. స్తంభమువలె నిటారుగా పెరుగును. దానికి మొదటి కొమ్మ మొలచుటకు 50 ఏండ్లకు పైబడి పట్టును. నేను ఆ చెట్టును చూచుచు నిలిచితిని. ఏబది దాటినగాని కొమ్మ వేయని చెట్టున్నపుడు, మన నాన్నగారి పని ముగిసినదని నేనెట్లు తీర్పు చెప్పితినని సిగ్గుపడితిని.

సోదరులారా, కష్టములు చెప్పకుండ సుఖములే చెప్పుట వర్తకుని లక్షణమందురు. నేడు ఆ నింద నాకు రానీయను. ఈ జీవనము చౌక కాదు. అట్టి బండికి పెట్రోలు ఖర్చు చాల ఎక్కువ. చక్రములు, పైకప్పు, తొట్లు ఎప్పుడును మరమ్మతు కోరును. చూపు మందగించినవాడు, చేయి వణకువాడు పెద్ద బండి నడుపరాదు. వైద్యపు విషయము మరింత చిక్కు. అక్కడ 65 ఏండ్లు దాటినవారికి ప్రభుత్వము వైద్యభీమా నిచ్చును. అసలు పద్ధతిలో నున్నవారికి ఏ రాష్ట్రమునకు పోయినను దానిని అంగీకరించు వైద్యుల దగ్గఱ చెల్లును. ప్రైవేటు సంస్థల ద్వారా తీసికొన్నవారికి తఱచు తమ ప్రాంతపు వైద్యులే గతి. బయలుదేరుటకు ముందే ఇది చూచుకొనవలెను.

రంగులకును ప్రమాదములు కలవు. నూనెరంగు తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడవైచినచో, అవిసెనూనె తనంత తానే వేడెక్కి నిప్పంటుకొనగలదు. వానిని నీటితో తడిపి మూతగల రేకు డబ్బాలో నుంచవలెను. రంగు కడుగు ద్రవముల ఆవిరి గాలిలేని బండిలో పీల్చరాదు. పొయ్యి వెలుగుచుండగా వాని మూత తీయరాదు. కొన్ని పసుపు, ఎఱుపు రంగులలో విషము కలదు గనుక చేయి కడుగక భోజనము చేయరాదు. రంగు కడిగిన నీరు ఎడారిలో పోయక వెంట తీసికొనిపోవలెను. చిన్నాన్నగారు ఈ నియమములను కాగితముపై వ్రాసి తలుపునకు అంటించియున్నారు.

మా పిన్ని బాధ వేఱు. "మనుమడి పుట్టినరోజుకు మేము వేయి మైళ్ళ దూరాన ఉన్నాము నాయనా" అని కండ్లు తుడుచుకొనినది. అందుకు వారిద్దరు ఒక ఒప్పందము చేసికొనిరి. అయిదు నెలలు బండి, ఏడు నెలలు ఇల్లు. ప్రతి ఆదివారము ఆ వారపు చిత్రమును మనుమలకు చూపి, అది ఏ ఊరిదో, ఏ చెట్టో పిన్ని కథగా చెప్పును. పిల్లలు వినుటకై తెలుగు నేర్చుకొనుచున్నారట. భాష పోవుచున్నదని మనమిక్కడ ప్రతి సభలో విచారించుచుందుము గదా. దానికి ఇట్టి మందొకటి కలదని నాకు అప్పుడే తోచినది.

ఇదంతయు విని "మాకు బండ్లెక్కడివి, ఎడారి యెక్కడిది?" అని మీరడుగవచ్చును. మోటారు ఇండ్ల యాత్ర మన దేశమునకును కొంత వచ్చినది. కేరళ ప్రభుత్వము 2021లో ఆ యాత్రలకు ప్రత్యేక పథకము ప్రకటించెను. కాని నేను బండి కొనుమని చెప్పుటకు రాలేదు. మన ఊరినుండి గోపాలపురము సముద్రతీరము 16 కిలోమీటర్ల దూరమే. రైలెక్కినచో రంభలో దిగి చిలుక చూడవచ్చును. తప్తపాణి కొండలున్నవి, ఋషికుల్య కలదు. ఎడారివాసులు వేల మైళ్ళు పోయి వెదకునది మన వాకిటనే యున్నది. మనమక్కడికి ఉపాహారపు పొట్లములతో పోయి, ఒక ఛాయాచిత్రము తీసికొని, గంటలో మరలివచ్చుచున్నాము.

మన తెలుగువారికి ఈ విద్య క్రొత్త కాదు. రాజమహేంద్రవరమున కూల్డ్రే అను ఆంగ్ల ప్రిన్సిపాలు ప్రోత్సాహమున దామెర్ల రామారావుగారు చిత్రకారుడై పేరొందిరి. 1897లో పుట్టిన ఆ మహనీయుడు 1925లో, 28 ఏండ్లు నిండకమునుపే గతించెను. ఆయన పేర నేటికిని ఆ నగరమున చిత్రశాల కలదు. ఆయనకు భగవంతుడు వృద్ధాప్యము నీయలేదు. మనకిచ్చినాడు. దానిని గోడవైపు తిరిగి గడపుట న్యాయమా?

ఇక మా నాన్నగారి సంగతి చెప్పి ముగింతును. చిన్నాన్నగారు అన్నగారికై నాలుగు గొట్టములు, మూడు కుంచెలు, పది పలకలు నాచేత పంపిరి. నాకు తెలియని సంగతి యొకటి కూడ చెప్పిరి: నాన్నగారు చిన్ననాట పట్టుచీరల అంచులు చూచి కాగితములపై దించెడివారట. మా తాతగారు "కొట్టులో కూర్చునేవాడికి బొమ్మలెందుకు?" అని కోపించి ఆ కాగితములను పొయ్యిలో వేసిరట. అరువది యేండ్లు ఆ మాట ఎవ్వరికిని నాన్నగారు చెప్పలేదు. తాతగారు ఒకసారి, నేనొకసారి వారిని గద్దెకు సంబంధించిన మాటలతోనే నొప్పించితిమి.

పెట్టె యిచ్చితిని. రెండు నెలలు తెరువలేదు. నేను క్షమాపణ చెప్పితిని. వారు "సరేలే" అనిరి, అంతే. వేసవిలో వారి కుడి కంటికి శుక్లము తీయించితిమి. కట్టు విప్పిన కొన్ని దినములకు గోపాలపురము తీసికొనిపోయితిని. వారు చాలసేపు ఒక కన్ను మూసి, మరొక కన్ను మూసి, సముద్రమును చూచిరి. "ఒరే, ఈ కంటికి నీళ్ళు నీలంగా ఉన్నాయి. ఆ కంటికి గోధుమరంగు" అనిరి. శుక్లము పసుపు తెరవలె అడ్డుపడి నీలమును మ్రింగునని, మోనే చిత్రకారునికిని 1923లో ఇట్టి శస్త్రచికిత్స జరిగెనని చిన్నాన్నగారు తరువాత ఫోనులో చెప్పిరి. ఆ సాయంకాలము ఇంటికి రాగానే నాన్నగారు పెట్టె తెరచిరి. నీలపు గొట్టపు మూత ఎండి బిగిసినదని నన్ను పిలిచి తీయించుకొనిరి.

నాటినుండి వారమునకు రెండు దినములు వారిని నేనే తీరమునకు తీసికొనిపోవుచున్నాను. కొట్టు గంట ఆలస్యముగా తెరచుచున్నాను, నష్టము కనబడలేదు. చిత్రములు బాగున్నవని నేను చెప్పజాలను. పడవ పడవవలె ఉండదు. వారే చూచుకొని "నీడ తప్పింది, రేపు మళ్ళీ వెళ్దాము" అందురు. ఈ "రేపు" అను మాట ఆ గోడవైపు తిరిగిన నెలలలో వారి నోట నేనొక్కసారియు వినలేదు.

కావున మన సంఘమునకు నాదొక మనవి. కార్తీకము మొదలు మాఘము వరకు నెలకొక ఆదివారము పెద్దలను ఒక బండిలో కూర్చుండబెట్టి గోపాలపురమునకో, రంభకో తీసికొనిపోవుదము. కుర్చీలు, గొడుగులు, త్రాగునీరు సంఘము చూచుకొనవలెను. మొదటి యేడు రంగుల వెల నేను భరింతును. ప్రతి పెద్దవెంట ఒక మనుమడో, మనుమరాలో రావలెను. పెట్టె మోయుటకును, తాతగారు చూపు చెట్టు పేరు తెలుగులో వినుటకును. మీ యింట గోడవైపు తిరిగి పండుకొనినవారు ఉన్నచో, వారి పేరు నేడే కార్యదర్శిగారికి వ్రాసి యిచ్చి పొండు.